ఉప ఎన్నిక ముందు ఫారం 8 పెండింగ్‌లో ఉంటే ఓటు ఎక్కడ?

బీఎల్ఓలుగా (బూత్ స్థాయి అధికారులుగా), పోలింగ్ అధికారులుగా పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి. ఓటరు వేరే నియోజకవర్గం నుంచి ఇల్లు మారి, కొత్త చిరునామాకు ఓటు మార్చమని ఫారం 8 పెట్టారు. ఇంతలో కొత్తచోట అసెంబ్లీ ఉప ఎన్నిక షెడ్యూల్ వచ్చేసింది. దరఖాస్తు ఇంకా విచారణలోనే ఉంది.

నామినేషన్ల గడువు ముగిశాక ఎన్నిక పూర్తయ్యేవరకు ఆ నియోజకవర్గం జాబితాలో చేర్పులు, తీసివేతలు ఉండవు. పైగా అభ్యంతరాలకు ఏడు రోజులు ఆగాలి. అంటే గడువుకు కనీసం పది రోజుల ముందు పెట్టని ఫారం దాదాపు దండగే. చాలామంది పోలింగ్ తేదీని చూసుకుని ఇక్కడే దెబ్బతింటారు.

1. ఏడు రోజులు దాటినా బీఎల్ఓ విచారణ కాకపోతే, ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయడం మేలా, నేరుగా ఈఆర్ఓకు (ఓటర్ల నమోదు అధికారికి) రాతపూర్వకంగా ఇవ్వడం మేలా?

2. ఆఖరి రోజు ఆమోదించిన పేరు బూత్‌లోని అనుబంధ జాబితాలో తప్పకుండా ఉంటుందా? వెబ్‌సైట్‌లో కనిపించి, బూత్ ప్రతిలో లేకపోతే ప్రిసైడింగ్ అధికారి ఏం చేస్తారు?

పాత నియోజకవర్గం కార్డు చెల్లుతుంది, పేరు ఆ బూత్ జాబితాలో ఉంటే చాలు. ఓటరు స్లిప్ ఒక్కటే గుర్తింపుగా పనికిరాదు. కాబట్టి ఆ సలహాలు అక్కర్లేదు. టెండర్డ్ ఓటు కూడా వేరే సంగతి, మన పేరు మీద ఇంకొకరు ముందే వేసేస్తేనే అది.