స్నేహం పాఠంలో మందలింపు భాగం ఎలా నేర్పాలి?

అందరికీ వందనాలు. విశాఖ మహారాణిపేటలో ఇంటర్ పిల్లలకు ఆదివారం 40 నిమిషాల క్లాసు. అంశం మంచి స్నేహితుడి లక్షణాలు. బైబిల్లో యోనాతాను తన స్నేహితుడు దావీదుకు తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు ఇచ్చేయడం (1 సమూయేలు 18:4) చెప్పడం సులువే. చిక్కంతా మందలింపు దగ్గరే. తప్పు చేసినవాడికి చెప్పే విషయంలో మత్తయి 18:15-17 వరుస స్పష్టం: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి (చర్చికి). పిల్లలేమో తిరగేసి ముందు వాట్సాప్ గ్రూపులో పెడతారు. పరువు పోయినవాడు ఇక వినడు. అలాగని మందలింపు అన్నిచోట్లా పనికిరాదు. బైబిల్లో అన్నీ కోల్పోయి బాధలో ఉన్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచి అతన్నే తప్పుపట్టాకే చెడింది! ఎప్పుడు ఊరకే పక్కన కూర్చోవాలో, ఎప్పుడు తప్పు చెప్పాలో 16 ఏళ్లవాళ్లకు తెలిసేలా చేయించే అభ్యాసం ఏదైనా ఉందా? బీచ్ రోడ్డులో ఇద్దరిద్దరిగా నడుస్తూ మాట్లాడిస్తే కుదురుతుందా?