వీఎంలు వదిలేసి అన్నీ కంటైనర్లలోకి మార్చేయాలా? సలహా కావాలి

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది పోర్టు నుంచి సరుకు తోలే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. ఐటీ అంటే నేను, ఇంకో జూనియర్, అంతే. క్లౌడ్‌లో, ముంబై రీజియన్‌లో నాలుగు వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే ఒక పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన విడి కంప్యూటర్లు) ఉన్నాయి. ట్రిప్ షీట్ల వెబ్ యాప్‌కి ఒకటి, డేటాబేస్‌కి ఒకటి, విండోస్ మీద తప్ప నడవనని మొండికేసే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, టెస్టింగ్‌కి ఒకటి. నెలకు 31 వేల దాకా బిల్లు. మా సార్ మొన్న రుషికొండలో ఏదో మీటింగ్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి ఒకటే పాట: వీఎంల కాలం అయిపోయిందట, ఇప్పుడంతా కుబర్నెటీస్ (యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూటని కంటైనర్ అంటారు, వాటిని చాలా మెషీన్ల మీద నడిపించేది ఇది), సర్వర్‌లెస్సేనట (మనం కోడ్ ఇస్తే చాలు, సర్వర్ల సంగతి క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది). "మనం రోజూ తోలేవి కంటైనర్లే కదా, ఇదేం పెద్ద పని" అని పైగా జోకు. 2025 అక్టోబరులో గూగుల్ మన వైజాగ్‌కి 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించాక ఈ ఊపు ఇంకా పెరిగింది. రెండు నెలల్లో మార్చేయమంటున్నారు, నాకేమో టెన్షన్. నిజంగా వీఎంల పనైపోయిందా?

పాత సర్వర్ బాబాయ్:
ఆ మాట కంటైనర్లు కట్టి నడిపే డాకర్ వచ్చిన 2013 నుంచి వింటూనే ఉన్నాను బాబూ. వీఎం నిన్నగాక మొన్నటిది కాదు, ఐబీఎం 1972లోనే మెయిన్‌ఫ్రేమ్‌లనే భారీ కంప్యూటర్ల కోసం వీఎం/370 తెచ్చింది.
నా సంగతి ఒకటి చెప్తాను. 2014లో మా ఆఫీసు ద్వారకానగర్‌లో, మూడో అంతస్తు. ఒక్క సర్వర్, దాని మీద ఐదు వీఎంలు. హుద్‌హుద్ తుఫాను ఆదివారం తాకుతుందని తెలిసి, శనివారం సాయంత్రం ఐదింటినీ ఆపి, డిస్క్ ఫైళ్లు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు పాల ప్యాకెట్ల కవర్లు ఒకదాని మీద ఒకటి తొడిగి ఇంటికి పట్టుకెళ్లాను. ఆదివారం అద్దాలు పగిలి నీళ్లు నేరుగా యూపీఎస్‌లోకి. సర్వర్ పోయింది. రోడ్లు తెరిచాక ఆ డిస్క్ సంచిలో వేసుకుని బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, వేరే కంపెనీ తయారుచేసిన సర్వర్ మీద పెడితే అవే ఐదూ, అదే ఐపీ లెక్కలతో సహా, రాత్రికల్లా లేచి కూర్చున్నాయి. మెషీన్ అంతా ఒక ఫైలు అవడం అంటే అది. ఈరోజు క్లౌడ్‌లో నువ్వు స్నాప్‌షాట్ (డిస్క్‌కి నకలు) అని నొక్కే బటన్ వెనక ఉన్నదీ ఆ ఆలోచనే.
నీ విండోస్ బిల్లింగ్‌ని మాత్రం ముట్టుకోకు.

యామల్ యాతన:
బాబాయ్ గారూ, కథ బాగుంది కానీ అసలు జబ్బు చెప్పలేదు. వీఎంలో నాలుగేళ్ల కిందట ఎవడో లాగిన్ అయి చేత్తో ఒక క్రాన్ జాబ్ (టైమ్‌కి దానంతటదే నడిచే పని) పెడతాడు, వాడు ఉద్యోగం మానేస్తాడు, ఆ మెషీన్‌లో ఏముందో ఆ తర్వాత దేవుడికే ఎరుక. నాకిది జరిగింది, సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఆదివారం పూట సైట్ పడుకుంది, దాన్ని రెన్యూ చేసే స్క్రిప్టు ఎక్కడుందో వెతకడానికే మూడు గంటలు. కంటైనర్ అయితే ఏమేం కావాలో డాకర్‌ఫైల్‌లో రాసి ఉంటుంది, చదువుకోవచ్చు, మళ్లీ కట్టుకోవచ్చు. కాబట్టి మార్చమనే అంటాను. కానీ కంటైనర్ అన్నంత మాత్రాన కుబర్నెటీస్ అక్కర్లేదు! ఉన్న వీఎం మీదే డాకర్ కంపోజ్‌తో (ఒకే మెషీన్ మీద కంటైనర్లు నడిపే టూల్) వెబ్ యాప్ నడుపు. ఇద్దరు మనుషులకి క్లస్టర్ (కుబర్నెటీస్ నడిపే మెషీన్ల గుంపు) ఎందుకు? అమెజాన్ దగ్గర కుబర్నెటీస్ కంట్రోల్ ప్లేన్‌కే (క్లస్టర్‌ని నడిపే మెదడు) గంటకి 10 సెంట్లు, నెలకి 70 డాలర్ల పైమాటే, మెషీన్ల డబ్బు మళ్లీ వేరు.

మధురవాడ నైట్ షిఫ్ట్:
మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. ఆ క్లస్టర్‌లో కంటైనర్లు నడిచే మెషీన్లని నోడ్లు అంటారే, అవి మామూలుగా వీఎంలే. అంటే కంటైనర్లకి మారినా వీఎం ఎక్కడికీ పోలేదు, మన కంటికి కనబడని కింది అంతస్తుకి దిగింది. కారణం కూడా సింపుల్: ఒక మెషీన్ మీది కంటైనర్లన్నీ ఒకే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంచుకుంటాయి. మన ఆఫీసులో మన యాప్‌లే అయితే ఫర్వాలేదు, కానీ ముక్కూ మొహం తెలియని ఇద్దరు కస్టమర్ల కోడ్ పక్కపక్కన నడపాలంటే క్లౌడ్ కంపెనీకి కంటైనర్ల మధ్య ఉండే గోడ చాలదు. వీఎంకి ఎవరి కెర్నల్ వారిది.
అమెజాన్ సర్వర్‌లెస్ సర్వీసు లాంబ్డా సంగతీ అంతే. పేరుకి సర్వర్‌లెస్, కింద ఫైర్‌క్రాకర్ అనే బుల్లి వీఎంలు. అమెజాన్ 2018లో ఆ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎం అనే భాగం మీదే నడుస్తుంది. ఒక్కోటి సెకనులో ఎనిమిదో వంతులో లేస్తుంది, దాని సొంత ఖర్చు 5 ఎంబీ మెమరీ లోపే. బాబాయ్ గారి కాలంలో వీఎం బూట్ కొట్టి టీ తాగొచ్చేవాళ్లం కదా, తేడా అక్కడ.
బ్రో, మీ దగ్గర రిపోర్టులు తీస్తే ఎంతసేపు నడుస్తాయి? లాంబ్డాలో ఒక ఫంక్షన్‌కి 15 నిమిషాలే గడువు, ఆ తర్వాత మధ్యలో ఉన్నా చంపేస్తుంది.

గాజువాక కుర్రాడు:
నెలాఖరు రిపోర్టు 40 నిమిషాలు అండి. అంటే లాంబ్డా గోవిందా. ఇప్పుడే గ్రాఫ్‌లు చూశాను, వెబ్ యాప్ వీఎం సీపీయూ పగలు కూడా 9 శాతం దాటట్లేదు, లారీలు గేటు దాటే పొద్దున ఎనిమిదింటికి ఒక్కసారి 30 కొడుతోంది. టెస్టింగ్ మెషీన్ ఆదివారాలు కూడా ఆన్‌లోనే ఉంది, సిగ్గేసింది.

పాత సర్వర్ బాబాయ్:
మరి ముందు అది చూడు. వారానికి 168 గంటలు. మీ ఆఫీసు ఆరు రోజులు, రోజుకి పది గంటలు అనుకున్నా 60. మిగతా టైమ్ ఆపేస్తే ఆ మెషీన్ అద్దెలో దాదాపు మూడింట రెండొంతులు మిగులుతుంది, డిస్క్ అద్దె మాత్రం ఆపినా పడుతుంది. వెబ్ యాప్ వీఎం సైజు ఒక మెట్టు దించు, కానీ నెలాఖరు రోజున చేయకు. యామల్ అబ్బాయి చెప్పిన డాకర్ కంపోజ్ మంచి మాటే, అది టెస్టింగ్ దాంట్లో మొదలెట్టు.

గాజువాక కుర్రాడు:
సార్‌కి చూపించాను. కుబర్నెటీస్ మాట పక్కన పెట్టి, "ఆదివారం కూడా నడుస్తోందా? ఎప్పట్నుంచి?" అని అడిగారు. రెండేళ్ల నుంచి అని ఇంకా చెప్పలేదు.