ఒకే సంగీతకారుడు, ఫోన్‌లో నాలుగు పేర్లు: ట్యాగ్‌లు ఎలా సరిచేయాలి?

డచ్ సంగీతకారుడు టామ్ హోల్కెన్‌బోర్గ్ పాటలన్నీ 1997లో వచ్చిన మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా వినాలని నా ఆశ. క్లబ్ సంగీతం నుంచి సినిమా నేపథ్య సంగీతం దాకా ఆయన ఎదిగిన తీరు అలా వింటేనే తెలుస్తుంది. ఆయన సినిమా సంగీతంలోని ఆ ఢోలు మోతలు ఎక్కడ మొదలయ్యాయో కూడా!

సమస్యేమిటంటే, ఫోన్ ప్లేయర్‌లో ఆయన నాలుగు చోట్ల కనిపిస్తున్నారు. 2015 నాటి 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' సినిమా సంగీతం ఆయన పెట్టుకున్న కళా నామం జంకీ ఎక్స్‌ఎల్ (పొట్టిగా జేఎక్స్‌ఎల్) కింద ఉంది. 2021 నాటి 'జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్' అసలు పేరుతో, 2002లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన ఎల్విస్ ప్రెస్లీ పాట రీమిక్స్ 'ఎల్విస్ వర్సెస్ జేఎక్స్‌ఎల్' కింద ఉన్నాయి. 2016 నాటి 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' మరో సినీ సంగీతకారుడు హాన్స్ జిమ్మర్‌తో కలిసి చేసింది కాబట్టి అది ఇంకో చోట.

ఫైళ్లన్నీ ఎంపీ3, వాటిలోని ట్యాగ్‌లు (పాట పేరు, ఆర్టిస్ట్ వంటి వివరాలు) ఐడీ3 2.3 పద్ధతిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో ఆర్టిస్ట్ పేరు ఒకటే పెట్టి చూశాను. అన్నీ ఒక చోటికి వచ్చాయి కానీ ఎల్విస్, జిమ్మర్ పేర్లు పోయాయి. అది వాళ్లకు అన్యాయం, అందుకే వెనక్కి మార్చేశాను. తర్వాత ఆల్బమ్ ఆర్టిస్ట్ (ఆల్బమ్ మొత్తానికి ఒకే పేరు రాసే ట్యాగ్) మాత్రమే మార్చి, ప్లేయర్ క్యాషే (అది దాచుకున్న పాత వివరాలు) తుడిచి, ఫైళ్లను రెండుసార్లు రీస్కాన్ చేశాను. జాబితా మారలేదు.

ప్రతి పాటకూ ఇప్పుడున్న ఆర్టిస్ట్ పేర్లు అలాగే ఉంటూ, అన్నీ ఒకే చోట విడుదలైన సంవత్సరాల వరుసలో కనిపించాలంటే ఏ ట్యాగ్‌లో ఏం రాయాలి?