ఫ్రెంచి నీలం కోటు మీద స్విస్ ఎరుపు: గీకాలా, పైనే వేయాలా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
28 మి.మీ. హార్డ్ ప్లాస్టిక్ ఫ్రెంచి లైన్ పదాతి (నెపోలియన్ కాలపు మామూలు కాలిబంట్లు) బొమ్మలు 48 ఉండాయి. అన్నీ 1812 నాటి పొట్టి కోటువే. ఆక్రిలిక్ రంగు, పైన గ్లాస్ (మెరిసే) వార్నిష్. అందులో 24 బొమ్మల్ని 1812 పోలొత్స్క్ యుద్ధం (నెపోలియన్ రష్యా దండయాత్రలోది) ఆటకి స్విస్ బెటాలియన్‌గా మార్చాలి. నీలం మీద ఎరుపు మూడు పూతలేసినా ఊదా ఛాయ పోవట్లేదు. మొత్తం గీకేసి మొదట్నించీ వేయాలా? నాలుగు స్విస్ రెజిమెంట్లలో దేనికి పని తక్కువ?

కావలి_కుంచె
గీకబాకన్నా. ఫ్రెంచి సేవలో ఉండిన స్విస్ వాళ్ల కోటు కుట్టు ఫ్రెంచి వాళ్లదే. షాకో (ఎత్తు టోపీ), మొహం, తుపాకి, వీపు సంచి, తెల్ల బెల్టులు, తెల్ల ప్యాంటు అట్టనే ఉంటాయి. మారేది కోటు గుడ్డ, ఛాతీ మీది లాపెల్ (మడత పట్టీ), కాలరు, కఫ్ (చేతి అంచు) రంగులు మాత్రమే. గీకితే బాగా కుదిరిన మొహాలు కూడా పోతాయి, మళ్లీ 24 మొహాలు ఎవరు వేస్తారు!

ఊదా ఎందుకొస్తుందంటే ఎరుపు పిగ్మెంటు పలచన, కింద ఉన్న నీలం కనపడిపోతుంది. ఇంకో నాలుగు పూతలేస్తే నీలం మూసుకుపోతుందేమో గానీ, గుండీలు కూడా పూడిపోతాయి. మధ్యలో మట్టిరంగు అడ్డం పెట్టు.

ముందు గ్లాస్ మెరుపు చంపాలి, లేకపోతే కొత్త రంగు జారి గుండీల చుట్టూ చేరుతుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కుంచెతో ఒక పూత వేసి రాత్రంతా ఆరనీ. తర్వాత వాలెహో కంపెనీ కావల్రీ బ్రౌన్ 70.982, రెండు పాళ్ల రంగుకి ఒక పాలు నీళ్లు, పలచగా రెండు పూతలు. దాని మీద ఫ్లాట్ రెడ్ 70.957. మడతల్లోనూ, బెల్టు అంచు వెంబడీ ఆ గోధుమరంగు గీతలాగా మిగలాలి. అదే నీడ, వేరే వాష్ (మడతల్లోకి పారే పలచని నీడరంగు) అక్కర్లేదు. కోటు రంగు ఇటుక వైపు మొగ్గిన మంజిష్ఠ ఎరుపు, కాబట్టి మెరిసే ఎరుపు కోసం తాపత్రయం వద్దు. బెల్టులకి తెలుపు టచప్ చివర్లో.

రెజిమెంటు సంగతి: 1వ దానికి పసుపు ఫేసింగ్ (లాపెల్, కాలరు, కఫ్ రంగు), 2వ దానికి ముదురు నీలం, 3వ దానికి నలుపు, 4వ దానికి ఆకాశనీలం. నీ బొమ్మల లాపెల్ తెలుపు, కాలరు, కఫ్ ఎరుపు. తెలుపు మీద పసుపు పట్టుద్ది గానీ ఎరుపు కాలరు మీద పట్టదు, కింద తెలుపో ఓకరో (మట్టి పసుపు) వేయాల్సిందే. నలుపైతే దేన్నైనా ఒక్క పూతలో కప్పేస్తుంది. కాబట్టి 3వ రెజిమెంటు తీసుకో. ఉత్త నలుపు వేయబాక, కొంచెం బూడిదరంగు కలుపు, లేకపోతే చిల్లు పడినట్టు కనపడుద్ది. ఈ సైజులో లాపెల్ అంచు పైపింగ్ (సన్నటి రంగు గీత) జోలికి పోబాక.

ఒంగోలు_పటాలం
కావలాయన మాటకి ఒక మినహాయింపు. పాత రంగు మందంగా ఉంటే గీకక తప్పదు. గుండీల మధ్య సందు, వేళ్ల మధ్య గీత కనపడుతుంటే పైనే వేయొచ్చు. కనపడకపోతే మళ్లీ మళ్లీ పూసి బొమ్మని మైనపు ముద్ద చేసినట్టే.

గీకాలంటే గాజు సీసాలో నీళ్లు కలపని డెట్టాల్. ఒక బొమ్మని 24 గంటలు నానేసి, చేతులకి తొడుగులేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, వెంటనే కుళాయి కింద పెడతారు. ఊడిన రంగు, డెట్టాల్, నీళ్లు కలిస్తే తారులాంటి జిగురు తయారై గుండీల్లో ఇరుక్కుంటుంది. ముందు ఇంకో గిన్నెలో శుభ్రమైన డెట్టాల్‌తో కడిగి, ఆ తర్వాతే సబ్బునీళ్లు. ఎన్‌సీ థిన్నరు, అసిటోన్ దగ్గరికి రానీయకు, హార్డ్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. సూపర్ గ్లూతో అతికించిన చేతులు ఊడొచ్చు, ప్లాస్టిక్ సిమెంటుతో అతికిస్తే నిలుస్తాయి.

స్ప్రే వార్నిష్ మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఆపేయ్, తమ్ముడూ. ముసురు గాలిలో మ్యాట్ వార్నిష్ కొడితే తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. అయిపోతే కంగారొద్దు, కుంచెతో ఒక పూత గ్లాస్ వేస్తే చాలావరకు తెలుపు పోతుంది, దాని మీద మళ్లీ మ్యాట్. రోహిణి కార్తెలో ఇబ్బంది తిరగబడుతుంది: రంగు కుంచె మీదే ఆరిపోతుంది. టిఫిన్ బాక్సులో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపరు పెట్టి అక్కడ రంగు కలుపు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
వేళ్ల గీతలు కనపడతానే ఉండాయి, గీకను. 3వ రెజిమెంటే. మిగతా 24 మందిని తర్వాత దాని 2వ బెటాలియన్ చేస్తే ఈగల్ (జెండా కర్ర మీది గద్ద బొమ్మ) రెండింటికీ పెట్టాలా?

కావలి_కుంచె
వద్దు. 1808 తర్వాత రెజిమెంటుకి ఒకటే ఈగల్, అది 1వ బెటాలియన్ దగ్గరే ఉంటుంది. రెండో దాంట్లో ఈగల్ బొమ్మ ఉంటే పక్షిని కోసేసి, కర్రకి సాదా గుడ్డ కట్టు. 1812 నమూనా జెండా 80 సెం.మీ. చదరం, నీ బొమ్మల పక్కన దాదాపు 14 మి.మీ. వస్తుంది. అమ్మే కాగితం జెండాలు చాలా మటుకు దీనికంటే పెద్దవి, స్కేలు పెట్టి కొలిచి కత్తిరించు.