కొత్త ఇన్‌టేక్ మానిఫోల్డుకు 68 వేలు పెట్టడం సబబేనా?

మారతహళ్ళి_సిటీ:

మిత్రులందరికీ నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను. నా దగ్గర 2015 నాటి హోండా సిటీ 1.5 లీటర్ల పెట్రోలు బండి ఉంది. ఇప్పటికి 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు వారాలకొకసారి శుక్రవారం రాత్రి అనంతపురం వెళ్లి ఆదివారం తిరిగి వస్తుంటాను, మిగతా రోజులు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కులోనే గడిచిపోతాయి. దేవనహళ్ళి దాటాక లారీలను దాటవలసి వచ్చినప్పుడు బండి ఇంకాస్త చురుగ్గా లాగితే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఈమధ్య జె.సి. రోడ్డులో ఒక దుకాణదారు, కంపెనీ ఇచ్చిన ఇన్‌టేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరిక) తీసేసి పెద్ద ప్లీనమ్ (ఆ గొట్టాలకు ముందుండే గాలి గది), పొట్టి గొట్టాలు గల అల్యూమినియం మానిఫోల్డు బిగిస్తే 15 హార్స్‌పవర్ పెరుగుతుందనీ, బెంగళూరు ఎత్తు వల్ల తగ్గిన శక్తి కూడా తిరిగి వస్తుందనీ, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) రీమ్యాప్, అంటే అందులోని పట్టికలు తిరగరాయడం, అక్కర్లేదనీ చెప్పారు. బిగింపు కూలితో కలిపి 68 వేలు అడిగారు. ఇంట్లో ఈ ఖర్చుకు ఒప్పించాలంటే ముందు నాకు నమ్మకం కుదరాలి కదా. స్వయంగా చేయించి చూసినవారు, ఇంజన్ల గురించి లోతుగా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పీణ్యా_ఇంజనీరు:

మీరు తొందరపడకుండా ముందే అడిగినందుకు సంతోషం. నేను చాలా ఏళ్లు ఇంజన్లను పరీక్షించే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మానిఫోల్డు అంటే గాలి వెళ్లే దారి మాత్రమే, దారి ఎంత వెడల్పైతే అంత మంచిది అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ కిందికి దిగగానే గొట్టంలో పీడనం తగ్గిన అల ఒకటి పుట్టి ప్లీనమ్ వైపు పరుగెత్తుతుంది. గొట్టం అక్కడ విశాలమైన గదిలోకి తెరుచుకుంటుంది కనుక ఆ అల పీడనం పెరిగిన అలగా మారి వెనక్కి వస్తుంది. అది వాల్వు మూసుకునే ముందు సరిగ్గా సమయానికి చేరితే మరికొంత గాలిని సిలిండరులోకి నెడుతుంది. గొట్టం పొడవు 35 సెంటీమీటర్లనుకుందాం. పోయిరావడానికి 70 సెంటీమీటర్లు; ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది కాబట్టి పట్టే సమయం 2 మిల్లీసెకన్లు. అంతలో క్రాంక్‌షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) వద్ద 72 డిగ్రీలు తిరిగితే, 3000 వద్ద 36 డిగ్రీలే తిరుగుతుంది. అందుకే ఒకే పొడవు అన్ని వేగాలకూ కుదరదు. గొట్టాన్ని పొట్టిగా చేస్తే లాభం పై వేగాలకు జరిగిపోతుంది, దానికి మూల్యం కింది వేగాల్లో చెల్లించాలి.

1960లో క్రైస్లర్ సంస్థ తన 300ఎఫ్ కారుకు దాదాపు 76 సెంటీమీటర్ల పొడవైన గొట్టాలు పెట్టి 375 హార్స్‌పవర్ తీసింది. అదే ఇంజనుకు అందులో సగం పొడవుగా పనిచేసే గొట్టాలు కూడా అమ్మింది. వాటితో శక్తి 400 హార్స్‌పవర్‌కు చేరింది గాని, గరిష్ఠ టార్క్ (ఇంజను తిప్పే బలం) తగ్గి, అది దొరికే వేగం కూడా పైకి జరిగింది. ఈ చిక్కును తప్పించడానికే 2001లో బీఎండబ్ల్యూ తన ఎన్62 ఇంజనులో, నడుస్తుండగానే పొడవు మారే మానిఫోల్డు తెచ్చింది.

ఇక మీ బండి సంగతి. కంపెనీ లెక్క ప్రకారం దాని గరిష్ఠ టార్క్ 145 న్యూటన్ మీటర్లు 4600 ఆర్‌పీఎం వద్ద, గరిష్ఠ శక్తి 119 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) 6600 ఆర్‌పీఎం వద్ద వస్తాయి. మీరు లారీని దాటేది సుమారు 2500 నుంచి 4500 మధ్యలో. పొట్టి గొట్టాలు ఇచ్చేదేమైనా ఉంటే అది 6000 పైన. పోగొట్టేది మాత్రం మీకు రోజూ కావలసిన చోటనే. క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు), హెడ్డు (వాల్వులుండే ఇంజను పై భాగం), మ్యాపు (ఈసీయూలోని పట్టిక) ఏవీ ముట్టుకోకుండా 119లో 15 పెరుగుతుందన్న మాటను నేను నమ్మలేను.

ఎత్తు సంగతి మరీ స్పష్టం. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి వాయుపీడనం దాదాపు 91 కిలోపాస్కల్. సముద్రమట్టం వద్ద అది 101. బయట లేని పీడనాన్ని ఏ మానిఫోల్డూ తేలేదు, ఆ పని టర్బో చేయాలి. మీ అనంతపురం కిందికి ఉంది కనుక అక్కడ దాదాపు 97 ఉంటుంది. ఊరు దగ్గరపడేకొద్దీ బండి హుషారుగా అనిపించడం మీరు గమనించే ఉంటారు.

రీమ్యాప్ అక్కర్లేదన్న మాట మాత్రం నన్ను కలవరపెట్టింది. మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటి ఈసీయూ మానిఫోల్డులోని పీడనాన్ని, ఆర్‌పీఎంను చూసి, తనలో రాసి ఉన్న పట్టికతో గాలి ఎంతో లెక్కగడుతుంది. గొట్టాల తీరు మారితే అదే పీడనానికి లోపలికి వెళ్లే గాలి మారుతుంది గాని పట్టిక మారదు. నిదానంగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సరు ఆ తేడాను సర్దుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు చాలా బండ్లు పట్టికనే నమ్ముకుంటాయి. అప్పుడు పెట్రోలు చాలకపోతే నాకింగ్ (సిలిండరులో ఇంధనం అదుపు తప్పి మండడం) మొదలై పిస్టన్లు దెబ్బతినే దాకా వస్తుంది.

డబ్బు ఖర్చు చేసేముందు ఒక పరీక్ష చేయండి. ఓబీడీ రీడరు (ఈసీయూలోని అంకెలు చూపే చిన్న పరికరం) తగిలించి, ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి మానిఫోల్డు పీడనం ఎంత చూపిస్తుందో రాసుకోండి. తర్వాత ఖాళీ రహదారి మీద రెండో గేరులో పూర్తిగా తొక్కి, 6000 దగ్గర ఎంత ఉందో పక్కన కూర్చున్నవారిని చూడమనండి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే అడ్డు ఫిల్టరులోనో, దాని ముందు గొట్టంలోనో, థ్రాటిల్ బాడీలోనో (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే గాలి ద్వారం) ఉన్నట్టు లెక్క, మానిఫోల్డులో కాదు.

చెన్నై_ట్రాక్:

పై మిత్రులు చెప్పినదంతా నేను అనుభవించాను. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ కోసం ఒక పాత 1.3 లీటర్ల బండిని సిద్ధం చేసినప్పుడు క్యామ్ మార్చి, హెడ్డు పోర్టింగ్ (లోపలి గాలి దారులను మలచడం) చేయించి, చివరగా పొట్టి గొట్టాల మానిఫోల్డు పెట్టించాను. ఒకే డైనో (బండి శక్తి కొలిచే యంత్రం) మీద, ఒకే రోజున, పాతదీ కొత్తదీ బిగించి చూశాము. వేరే రోజున, వేరే డైనో మీద తీసిన అంకెలతో పోల్చి చూపేవారి మాట దయచేసి నమ్మకండి. 5500 పైన 6 హార్స్‌పవర్ పెరిగింది, 3500 లోపు పుల్లింగు బాగా తగ్గింది. ట్రాక్ మీద ఆర్‌పీఎం ముల్లు 5000 కిందికి దిగనిచ్చేవాడిని కాదు కనుక నాకు అది లాభమే.

తర్వాత అదే బండిని రోడ్డు మీద నడపవలసి వచ్చింది. కోయంబేడు దగ్గర మే నెల ట్రాఫిక్కులో అరగంట నిలబడితే ఆ అల్యూమినియం మీద చెయ్యి ఆనేది కాదు. ప్లాస్టిక్ మానిఫోల్డు చవక కోసం పెట్టినదని చాలామంది అంటారు గాని, ఇంజను వేడి లోపలి గాలికి అంతగా చేరనివ్వకపోవడం దానిలోని గొప్ప గుణం.

ఇంకొకటి తప్పక చెప్పాలి. నా మానిఫోల్డు అంచు సమంగా లేక గాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పలుచని పొర) వద్ద గాలి లాగడం మొదలైంది. మొదట సన్నగా ఈల వినిపించింది, ఐడిలింగ్ నిలకడ తప్పింది, ఒక సాయంత్రం బ్రేకు పెడల్ గట్టిపడింది. బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూమ్ వచ్చేది ఆ మానిఫోల్డు నుంచే. కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని రాత్రిపూట హైవే మీద వెళ్లే బండికి ఈ ప్రమాదం కొనితెచ్చుకోకండి.

హోసూరు_రోడ్డు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని విధించే వీలు కలిగింది. ఆర్‌సీలో మానిఫోల్డు పేరు ఉండదన్నది నిజమే. అయినా ఇన్సూరెన్సు వారికి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము వేళ అడ్డుపడుతుంది. ముందుగా వారికి రాతపూర్వకంగా తెలపండి.

నాది 1.0 లీటరు టర్బో పెట్రోలు. దీనికైనా మానిఫోల్డు మార్చడం వల్ల లాభం ఉంటుందా?

పీణ్యా_ఇంజనీరు:

టర్బో బండిలో గాలిని నెట్టే పని టర్బోదే కనుక, చిన్న మార్పులతో సరిపెట్టుకునేవారికి మానిఫోల్డు చివరి మెట్టు. అదే డబ్బుతో మంచి రీమ్యాప్ చేయిస్తే కనిపించే తేడా చాలా ఎక్కువ. అయితే వారంటీ, క్లచ్ ఓర్పు రెండూ చూసుకోవాలి.

మారతహళ్ళి_సిటీ:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే పరీక్ష చేశాను. ఇంజను ఆగి ఉండగా 91 చూపింది, పూర్తిగా తొక్కి 6000 దగ్గర చూస్తే 84. ఎయిర్ ఫిల్టరు తీస్తే మట్టితో నల్లబడి ఉంది, గాలి తీసుకునే గొట్టం మూతి దగ్గర ఎండుటాకులు చిక్కుకుని ఉన్నాయి. శుభ్రం చేసి కొత్త ఫిల్టరు వేశాక అదే చోట, అదే గేరులో 88 వచ్చింది.

మానిఫోల్డు ఆలోచన మానుకున్నాను. ఆ డబ్బులో కొంత పెట్టి నాలుగు టైర్లు మార్పించాను. గరిష్ఠ టార్క్ 4600 దగ్గర ఉందని తెలిశాక, లారీని దాటే ముందే మూడో గేరులోకి దిగడం అలవాటు చేసుకున్నాను. మొన్న శుక్రవారం పెనుకొండ దగ్గర రెండు లారీలను దాటినప్పుడు మునుపటి తడబాటు లేదు. అనంతపురంలో ఇంటి ముందు బండి ఆపి, ఇంజను ఆగి ఉండగా రీడరు చూస్తే మీరన్నట్టే 97 చూపించింది.