నెల్లూరు: మా కాలనీకి సిటీ బస్సు కావాలంటే ఎవర్ని, ఎట్టా అడగాలి?

పొదలకూరు రోడ్డు వాసి:
మాది పొదలకూరు రోడ్డు మీద నుంచి కిలోమీటరు లోపలికి ఉండే కాలనీ. మూడొందల ఇళ్లు. పిల్లలు కాలేజీకి పోవాలన్నా, మేం ఆసుపత్రికి పోవాలన్నా షేరాటోనే. మనిషికి ఇరవై, రాత్రి ఎనిమిది దాటితే వాళ్లు ఎంతంటే అంత. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా. మా వీధికి బస్సే రాకపోతే ఆ ఉచితం మాకేం ఒరిగింది? నూట నలభై సంతకాలతో అర్జీ ఇచ్చాం. తీసుకున్నాయన ‘చూస్తాం’ అన్నాడు. నాలుగు నెలలైంది. ఎలక్ట్రిక్ బస్సులొస్తాయి, అప్పటిదాకా ఆగండి అంటుండారు కొందరు. ఆగాలా, మళ్లీ అడగాలా?

పాత కండక్టర్:
అర్జీలో ఏం రాశారమ్మా?

పొదలకూరు రోడ్డు వాసి:
‘మా కాలనీకి బస్సు సౌకర్యం కల్పించవలసిందిగా కోరుతున్నాము’ అని, బాబాయ్ గారూ.

పాత కండక్టర్:
అక్కడే పోయింది. డీఎం, అంటే డిపో మేనేజరు, టేబుల్ మీద ఉండేవి లెక్కలు. బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కిలోమీటరుకి ఎంత వచ్చింది, సీట్లు ఎంత శాతం నిండాయి. ఈ చివరిదాన్ని ఓఆర్ అంటాం. సంతకాలతో ఓఆర్ రాదు. పొద్దున ఏడున్నరకి ఎంతమంది, పదకొండుకి ఎంతమంది? అది రాయండి.

ఒక నోటుబుక్కు తీసుకుని కాలనీ మలుపులో టీ బంకు దగ్గర కూర్చోండి. సోమవారం ఒకసారి, వారం మధ్యలో ఒకసారి. పావుగంటకో గీత కొట్టి, ఆటోలో ఎంతమంది ఎక్కారు, ఎక్కడికి పోతుండారు అని అడిగి రాసుకోండి.

తర్వాత దారి. లోపలికొచ్చిన బస్సు ఎక్కడ తిరగాలి? రివర్స్ చేసుకుని పోవాల్సిన చోటికి బస్సు పంపడానికి ఏ డిపోకీ మనసొప్పదు. తిరిగేంత ఖాళీ చూపించండి. తీగలు, కొమ్మలు కిందికి వేలాడకూడదు. దారిలో అండర్ బ్రిడ్జి ఉంటే ఎత్తెంతో చూసుకోండి, బస్సు మూడు మీటర్లకి పైనే ఉంటది. వానొస్తే మనూరి అండర్ బ్రిడ్జిల సంగతి నేను చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. బస్సు అడగొద్దు, టైము అడగండి. పోనూ రానూ గంటా పది నిమిషాలు, చివర్లో పది నిమిషాలు ఆగుడు, మొత్తం ఎనభై అనుకుందాం. ఒక్క బస్సు తిప్పితే ఎనభై నిమిషాలకోసారి. రెండైతే నలభై. ఈ లోపల ఎన్ని ఆటోలు పోతాయో మీకే తెలుసు, ఎవరాగుతారు? నాలుగు వేస్తే ఇరవైకి ఒకటి, అప్పుడు జనం నమ్ముతారు. ఒక్క కాలనీకి నాలుగు బస్సులు రావు. అందుకని పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలనండి. ఈ రోడ్డు మీద ఇప్పటికే పోయే పల్లెవెలుగులో రెండు ట్రిప్పులు లోపలికి మళ్లించమనండి. కొత్త బస్సు, కొత్త క్రూ అక్కర్లేదు.

పొదలకూరు రాజు:
బాగుండాది! పొదలకూరు నుంచి మేం గంట కూర్చుని వచ్చేది చాలక మీ కాలనీ కూడా చుట్టి రావాలా?

పాత కండక్టర్:
నీ మాటా న్యాయమేనయ్యా. ఊళ్లోకి నిండుగా వచ్చే బస్సుని మళ్లించకూడదు. పొద్దున డిపో నుంచి దాదాపు ఖాళీగా అటు పోయేది ఒకటి ఉంటది, దాన్ని కాలనీ దగ్గర నుంచి వెనక్కి తిప్పమని అడగాలి. అమ్మా, ‘మళ్లించమనండి’ అన్నది కొట్టేయండి, ఇది రాయండి.

కోవూరు లెక్కల మాస్టారు:
ఎలక్ట్రిక్ బస్సుల గురించి నాలుగు మాటలు. 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ ఒప్పుకుంది. దేశం మొత్తానికి 10,000 బస్సులు, నెల్లూరు ఆ జాబితాలో ఉంది. బస్సూ డ్రైవరూ కంపెనీవి, కంపెనీకి కిలోమీటరు లెక్కన డబ్బులు. కేంద్రం వాటా 12 మీటర్ల బస్సుకి కి.మీ.కి 24 రూపాయలు, 9 మీటర్లదానికి 22. మన ట్రంక్ రోడ్డు ఇరుకుకి 9 మీటర్లదే నయం. బస్సు కొన్నంత తేలిక కాదు, డిపోకి హైటెన్షన్ లైను రావాలి, చార్జర్లు పెట్టాలి. దానికోసం మీరు ఆగక్కర్లేదు. 2009లో కేంద్రం పెట్టిన కొలమానంలో పై మెట్టు, వెయ్యి మందికి 0.6 బస్సు. ఐదు లక్షల ఊరికి వేసి చూడండి, 300 బస్సులు ఉండాలి. అన్ని ఒక్కసారిగా రావు కదా. కొత్తవి వచ్చినా కాలనీలన్నీ వాటికోసం పోటీపడాల్సిందే.

ఒంగోలు నుంచి:
మాకెందుకు లేవు సార్?

కోవూరు లెక్కల మాస్టారు:
ముఖ్యంగా 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటిన ఊళ్లకి పెట్టారు. ఒంగోలు అప్పటికి దాటలేదు.

వేదాయపాళెం:
ఇంకోటి. మా అత్తమ్మ ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా దిగిపోతది. సున్నా టికెట్ తీసుకోవాలి. ఆ టికెట్ కొడితేనే ఆ మనిషి ప్రయాణం లెక్కలోకి వస్తది. బస్సు నిండినట్టు కాగితం మీద కనపడకపోతే ఆ ట్రిప్పు పోతది. ఆధార్ దగ్గర పెట్టుకోండి.

పాత కండక్టర్:
చాలా మంచి మాట. ఇంక అర్జీ ఉత్త చేతికి ఇవ్వొద్దమ్మా. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. డయల్ యువర్ డీఎం ఉన్న రోజు ఆ నంబరు చెప్పి ఫోన్లో అడగండి.

పొదలకూరు రోడ్డు వాసి (పది రోజుల తర్వాత):
కూర్చున్నాం. మా పాప లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో గీతలు. 7.30 నుంచి 9.30 దాకా 96 మంది, అందులో 61 మంది ఆడవాళ్లు. అందరూ ఊరి నడుమ వీఆర్సీ సెంటరుకే పోతారనుకున్నాం. సగానికి పైగా మాగుంట లేఅవుట్ దగ్గరే దిగుతుండారు. 8.05కీ 8.20కీ మధ్యనే 34 మంది. ఆ పావుగంటలో ఒక ఆటోలో పదకొండు మంది ఎక్కారు, ఒకబ్బాయి డ్రైవరు పక్కన సగం సీటు మీద, బ్యాగు బయటికి వేలాడేసుకుని.

పాత కండక్టర్:
8.05 చుట్టూ సున్నా చుట్టండి. అర్జీ మొదటి లైను అదే. బస్సు తిరిగే చోటు దొరికిందా?

పొదలకూరు రోడ్డు వాసి:
వాటర్ ట్యాంకు ముందుంది. ఎవరో ఇల్లు కడతా ఇసుక తోలి పెట్టుండారు. రేపు పొద్దున పోయి ముందు దాన్ని తీయించాలి.