అప్‌డేట్: ఎండుచేపల గ్రూపు సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే

కొత్తపట్నంలో ఎండుచేపలు చేసే మా డ్వాక్రా గ్రూపును సబ్సిడీ మీటింగులకు ఎవరూ పిలవడం లేదని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే విడివిడిగా తిరగడం మానేసి, మూడు గ్రూపులం కలిసి ఒకే అర్జీ పెట్టాం. ఈసారి అధికారే రేవుకొచ్చారు. ఇసుకలో ఆరేసిన నెత్తళ్ల మీద కాకులు వాలడం చూసి, ‘ఆరబెట్టడానికి సిమెంటు చప్టా లేదా?’ అన్నారు. ఏడాదిగా మేం మొత్తుకుంటోంది అదే!

చేపల రంగానికి కేంద్రం పెట్టిన మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ, మిగతావారికి 40. సబ్సిడీ పోను మేం పెట్టాల్సిన వాటా డబ్బుకే టెన్షన్. చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద గ్రూపులో ఒక్కో సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం ఉందట, ఆ కాగితాలు రాస్తున్నాం. మీటింగులు పొద్దున పెట్టొద్దన్నాం, అది పడవలొచ్చే వేళ. సాయంత్రానికి మార్చారు.